ఒక్క అంకె చాలన్నారు: అరుదైన మృత్తికల మీద మన దేశపు పరిశోధనను లెక్కించే తీరు

2025 ఏప్రిల్ 4న చైనా ఏడు అరుదైన మృత్తికా (రేర్ ఎర్త్) మూలకాల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. సమేరియం, గడోలినియం, టెర్బియం, డిస్ప్రోసియం, లుటీషియం, స్కాండియం, ఇట్రియం. హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థ గ్రంథాలయం నాది. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో మా ఫోను ఆ వారం మోగినట్టు ఎప్పుడూ మోగలేదు. "అమ్మా, రేర్ ఎర్త్స్ మీద మన దేశంలో పరిశోధన ఎంత జరుగుతోందో ఒక్క అంకె చెప్పండి, సాయంత్రం మీటింగు ఉంది" అన్నారు ఒక పెద్దాయన. నాలుగు రోజులు పడుతుందన్నాను. "పది నిమిషాల పని కదమ్మా" అన్నారు.

పది నిమిషాల్లో చేసి చూశాను కాబట్టే నాలుగు రోజులు అడిగాను. 2010లో జపానుతో పేచీ వచ్చి చైనా సరుకు ఆగిందన్న వార్తల సమయంలో కూడా ఇదే ప్రశ్న వచ్చింది. అప్పుడు నేను పరిశోధన వ్యాసాల డేటాబేసులో "రేర్ ఎర్త్" అని కొట్టి, దేశం దగ్గర ఇండియా ఎంచుకుని, తెర మీద కనిపించిన అంకెను చీటీ మీద రాసి పంపేశాను. ఆ అంకె ఎన్నో ఉపన్యాసాల్లో వినిపించింది. రెండు నెలల తరువాత తిరుపతి నుంచి ఏదో పాత పత్రిక కోసం వచ్చిన ఒక భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థి నా జాబితా తిరగేసి, "మేడమ్, మా ల్యాబు వ్యాసాలు ఇందులో ఒక్కటీ లేవేమిటి?" అని అడిగాడు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో గాజులో అరుదైన మృత్తికల అయాన్లు కలిపి, వాటి కాంతిని కొలిచే పని దశాబ్దాలుగా సాగుతోంది. ఆ వ్యాసాల శీర్షికల్లో "రేర్ ఎర్త్" అన్న మాట తరచుగా ఉండదు. "డివై3+ కలిపిన ఫాస్ఫేట్ గాజులు" అని ఉంటుంది. డివై అంటే డిస్ప్రోసియం గుర్తు. ఆ అబ్బాయి ముందు నాకు తల ఎత్తడానికి లేకపోయింది. కింద చెప్పేదంతా ఆ రోజు నుంచి నేర్చుకున్నదే.

ముందు ప్రశ్నను కాగితం మీద పెట్టండి

అరుదైన మృత్తికా మూలకాలు పదిహేడు. లాంథనం నుంచి లుటీషియం దాకా పదిహేను, వాటితో స్కాండియం, ఇట్రియం. పత్రికల్లో "అరుదైన ఖనిజాలు" అని కనిపిస్తుంది కానీ ఇవి ఖనిజాలు కావు, మోనజైట్ వంటి ఖనిజాల్లో ఉండే మూలకాలు. ఇంతవరకూ పేచీ లేదు. పేచీ అంతా "వాటి మీద పరిశోధన" అన్న మాట దగ్గర వస్తుంది.

నియోడిమియం-యాగ్ లేజరుతో మచ్చలు తొలగించిన చర్మవైద్యుడి వ్యాసం అరుదైన మృత్తికల పరిశోధనేనా? గడోలినియం మందు ఎక్కించి ఎంఆర్ఐ తీసిన రేడియాలజీ వ్యాసం? 1987లో ఇట్రియం-బేరియం-కాపర్ ఆక్సైడు అతివాహకత, అంటే నిరోధం లేకుండా కరెంటు పారనిచ్చే గుణం, బయటపడ్డాక వచ్చిన వ్యాసాల వరద? వీటన్నిటినీ కలిపేస్తే అంకె కొండంత అవుతుంది. ఈ మూలకాలతో చేసే అయస్కాంతాల కర్మాగారం గురించి ఆలోచిస్తున్న మనిషికి ఆ కొండ ఎందుకూ పనికిరాదు.

అందుకే నేను బుట్టలు పెట్టుకుంటాను. ఇసుక నుంచి ఖనిజం తీయడం, మూలకాలను ఒకదాని నుంచి ఒకటి వేరుచేయడం, పాత సరుకు నుంచి తిరిగి రాబట్టడం ఒక బుట్ట. లోహాలు, అయస్కాంతాలు రెండోది. వెలుగుకు సంబంధించినవి, అంటే ఫాస్ఫర్లు (వెలుగు చిమ్మే పదార్థాలు), గాజులు, లేజరు పదార్థాలు మూడోది. ఉత్ప్రేరకాలు, పింగాణీలు, అతివాహకాలు నాలుగోది. వైద్యం ఐదోది. అడిగినవారికి ఏ బుట్ట కావాలో ముందే అడుగుతాను. పదిమందిలో తొమ్మిదిమంది "అన్నీ" అంటారు. సరే, అన్నీ ఇస్తాను, కానీ విడివిడిగానే ఇస్తాను.

వెతికే మాటలు

నాలుగు రోజుల్లో రెండు రోజులు నాకు ఇక్కడే పోతాయి. మాటలు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. చదవడానికి వీలుగా ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

మొదట పెద్ద పేర్లు: రేర్ ఎర్త్, లాంథనైడ్, లాంథనాయిడ్. చివరి రెండూ ఒకటే, రెండు వాడుకలూ ఉన్నాయి. తరువాత పదిహేడు మూలకాల పేర్లు. ఆ తరువాత ఆక్సైడుల పేర్లు, ఎందుకంటే సీరియం ఆక్సైడు మీద పనిచేసేవారు శీర్షికలో సీరియం అనకుండా "సీరియా" అని ఊరుకుంటారు. తెలుగులో రాస్తే దేశం పేరైపోతుంది కానీ ఇంగ్లీషు అక్షరాలు వేరు కాబట్టి ఫరవాలేదు. ఇట్రియా, గడోలినియా కూడా అంతే. ఖనిజాల్లో మోనజైట్, జెనోటైమ్, బాస్ట్‌నసైట్ తప్పనిసరి. ఈ మూడోదాన్ని ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు కాబట్టి మూడు వర్ణక్రమాలు పెట్టుకోండి.

ఇక తిరుపతి అబ్బాయి నేర్పిన పాఠం. డిస్ప్రోసియం అయాను శీర్షికలో "డివై" పక్కన పైకెక్కించిన 3, ప్లస్ గుర్తుతో ఉంటుంది. డేటాబేసులోకి వచ్చేసరికి ఒకచోట 3 పక్కకు దిగుతుంది, ఒకచోట అక్షరాలకూ అంకెకూ మధ్య ఖాళీ వస్తుంది, ఒకచోట ప్లస్ మాయమవుతుంది. మూడు రూపాలూ వెతకాలి, అదీ ప్రతి మూలకానికీ. అయస్కాంతాల బుట్టలో కూడా ఇదే తంతు. నియోడిమియం-ఐరన్-బోరాన్ పూర్తి పేరుతో ఉండవచ్చు, మధ్యలో గీతలతో ఉన్న గుర్తులుగా ఉండవచ్చు, గీతలు లేకుండా కలిపేసి ఉండవచ్చు, 2, 14, 1 అంకెలతో ఫార్ములాగా ఉండవచ్చు.

అలాగని ఒట్టి గుర్తులను మాత్రం ఎప్పుడూ వెతకకండి. నేను వెతికాను. టెర్బియం గుర్తు టి.బి., దేశంలోని క్షయవ్యాధి పరిశోధనంతా వచ్చి పడింది. ఎర్బియం కోసం ఇ.ఆర్. అని కొడితే రొమ్ము క్యాన్సరులో ఈస్ట్రోజెన్ గ్రాహకాలు వచ్చాయి. యూరోపియం అంటే యూరోపియన్ యూనియన్ వాణిజ్య ఒప్పందాలు. లాంథనం అంటే ఫ్రెంచి, స్పానిష్ వ్యాసాలు మొత్తం, వాళ్ల భాషల్లో "లా" లేని వాక్యం అరుదు. గుర్తు పక్కన 3 ఉంటేనే, లేదా "డోప్డ్" (కలిపిన), "ఫాస్ఫర్" లాంటి మాట దగ్గరలో ఉంటేనే తీసుకోవాలి.

ఆర్.ఇ.ఇ. అన్న పొట్టి పేరు కూడా ఒక ఉచ్చే. పోషకాహారం వాళ్లకు అది విశ్రాంతిలో ఉన్న శరీరం ఖర్చుచేసే శక్తి. జీవం ఉన్న భూమి లాంటి గ్రహాలు అరుదు అని వాదించే ఖగోళవేత్తలు కూడా "రేర్ ఎర్త్" అంటారు. ఇవన్నీ చూసి "ఈ మాట ఉన్నవి వద్దు" అనే ఆజ్ఞలు గుప్పించాలని చేయి దురద పెడుతుంది. వద్దు. "లేజరు ఉన్నవి తీసేయి" అంటే చర్మవైద్యుడితో పాటు లేజరు స్ఫటికం పెంచిన శాస్త్రవేత్త కూడా పోతాడు. తీసేయడం కంటే బుట్ట మార్చడం మేలు.

ఎక్కడ వెతకాలి

చందా కట్టగలిగితే స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే వ్యాస సూచికలు. లేకపోతే ఓపెన్ అలెక్స్. మైక్రోసాఫ్ట్ అకడమిక్ గ్రాఫ్ మూతపడ్డాక 2022 జనవరిలో మొదలైన ఉచిత సూచిక ఇది. ఎవరైనా వాడుకోవచ్చు, దేశాలవారీగా విడగొట్టుకోవచ్చు. చాలా వ్యాసాలకు చిరునామాలు లేకపోవడం, ఒకే వ్యాసం రెండుసార్లు ఎక్కడం దీని లోపాలు. గూగుల్ స్కాలర్‌లో దేశంవారీ లెక్క కుదరదు, కాబట్టి దాన్ని ఈ పనికి పక్కన పెట్టండి.

ఏది వాడినా ఒక్కటే వాడండి. పై అంకె ఒకచోట నుంచి, కింది అంకె మరొకచోట నుంచి తెచ్చి భాగించిన శాతాలు నేను చాలా నివేదికల్లో చూశాను, అవి శాతాలు కావు.

సమావేశ వ్యాసాలను లెక్కిస్తారా, లేదా? ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది కానీ మన దేశం విషయంలో గ్రాఫు ఆకారాన్నే మార్చేస్తుంది. అణుశక్తి శాఖ ఏటా జరిపే ఘనస్థితి భౌతికశాస్త్ర సదస్సు వ్యాసాలు ఏఐపీ కాన్ఫరెన్స్ ప్రొసీడింగ్స్‌లో వచ్చేవి. మెటీరియల్స్ టుడే: ప్రొసీడింగ్స్‌లో మన కళాశాలల సదస్సుల వ్యాసాలు చాలా ఉంటాయి. నేను రెండు గీతలు గీస్తాను, సమావేశాలతో ఒకటి, లేకుండా ఒకటి. గడిచిన ఏడాదిని మాత్రం గ్రాఫులో పెట్టను. సూచికల్లోకి వ్యాసాలు ఆలస్యంగా చేరతాయి కాబట్టి గీత చివర ఎప్పుడూ కిందికి వాలినట్టే కనిపిస్తుంది, అది చూసి "పరిశోధన పడిపోయింది" అని ఎవరో ఒకరు శీర్షిక రాస్తారు.

చైనాతో పోల్చేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. జర్నల్ ఆఫ్ రేర్ ఎర్త్స్ ఇంగ్లీషులో వస్తుంది కాబట్టి అన్ని సూచికల్లో దొరుకుతుంది. చైనా భాషలోనే రాసే పత్రికలు వేరే ఉన్నాయి, వేరుచేసే ప్రక్రియల గురించిన పని కొంత వాటిలో ఉంది. మన సూచికల్లో కనిపించే చైనా అసలు చైనా కంటే చిన్నది.

ఏది ఇండియా

దేశం కోసం ప్రత్యేకమైన గడి ఉంటే అదే వాడండి. చిరునామాలో "ఇండియా" పక్కన నక్షత్రం గుర్తు పెట్టి వెతికితే ఇండియానా రాష్ట్రం, ఇండియానాపొలిస్ నగరం, మేరీల్యాండులో అమెరికా నౌకాదళం వారి ఇండియన్ హెడ్ వరసగా వచ్చి కూర్చుంటాయి. ఊరి పేరుతో వెతికితే ఇంకో చిక్కు. హైదరాబాద్ సింధులో కూడా ఉంది, అక్కడ కూడా రసాయనశాస్త్రం చదువుతారు.

సంస్థలవారీగా విడగొట్టాలంటే ఒక పట్టిక తయారు చేసుకోక తప్పదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పాత వ్యాసాల్లో వాల్తేరు, తరువాత విశాఖపట్నం, మధ్యలో వైజాగ్. భాభా అణు పరిశోధన కేంద్రం ట్రాంబే, బొంబాయి, ముంబై అని మూడు వేషాలు వేస్తుంది. ఇండియన్ రేర్ ఎర్త్స్ లిమిటెడ్ 1950లో పుట్టి ఇప్పుడు ఐఆర్ఈఎల్ అయింది. దాని కేరళ కర్మాగారం ఊరు అల్వాయ్ అనీ ఆలువా అనీ ఉంటుంది. నా పట్టికలో ఎడమ వైపు దొరికిన రూపం, కుడి వైపు నేను వాడే రూపం ఉంటాయి. పదేళ్లుగా పెంచుతున్నాను, పచ్చడి జాడీలాగా ఎవరికీ ఇవ్వను. (అడిగితే ఇస్తాను.)

"మనవాళ్లు అమెరికాలో కూర్చుని రాసినవో?" అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. ఇంటిపేరు చూసి దేశం తేల్చకూడదు. వ్యాసం మీద ఉన్న చిరునామాయే లెక్క.

నమ్మే ముందు పరీక్ష

నా పది నిమిషాల అంకెకు జరగనిది ఇదే. దొరికిన జాబితాలోంచి యాదృచ్ఛికంగా వంద వ్యాసాలు తీసి శీర్షిక, సారాంశం చదవండి. పైన ఉన్న వంద వద్దు, వాటిని డేటాబేసు తన లెక్క ప్రకారం పేర్చి ఉంటుంది. సంబంధం లేనివి ఎన్ని? పదికి మించితే నేను వెనక్కి వెళ్లి మాటలు సరిచేస్తాను.

వల్లో పడినవాటికి పరీక్ష ఇది. తప్పించుకున్నవాటికి పరీక్ష వేరు, దాన్ని చాలామంది చేయరు. ఈ రంగంలో తప్పక ఉండవలసిన నాలుగైదు ప్రయోగశాలలను ఎంచుకోండి. నేనైతే ఒక గాజుల ల్యాబు, కల్పాక్కం అణు పరిశోధన కేంద్రం, తిరువనంతపురంలోని సీఎస్ఐఆర్ జాతీయ సంస్థ, భువనేశ్వర్‌లోని ఖనిజాల సంస్థ, హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనాలయం తీసుకుంటాను. వాటి వార్షిక నివేదికల్లోనో, వెబ్‌సైటుల్లోనో ఉన్న వ్యాసాల పట్టిక చేత్తో రాసుకుని, మీ జాబితాలో ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ టిక్కు పెట్టండి. టిక్కు పడని ప్రతి శీర్షికా మీకు ఒక కొత్త వెతుకుడు మాట చెబుతుంది. తిరుపతి అబ్బాయి నాకు కాఫీ తాగుతూ చేసిపెట్టిన పరీక్ష ఇదే.

లెక్క

ఒక వ్యాసానికి ముగ్గురు రచయితలు. ఒకరు తిరుపతి, ఒకరు కల్పాక్కం, ఒకరు దక్షిణ కొరియా. మొత్తంగా లెక్కిస్తే ఇండియాకు 1, కొరియాకు 1. ఒక్క వ్యాసం రెండయింది, అన్ని దేశాల వాటాలూ కూడితే నూరు శాతం దాటుతుంది. భాగాలుగా లెక్కిస్తే ఇండియాకు మూడింట రెండు, కొరియాకు మూడింట ఒకటి. "ఎన్ని వ్యాసాల్లో మన చెయ్యి ఉంది" అంటే మొదటి లెక్క, "ప్రపంచంలో మన వాటా ఎంత" అంటే రెండోది. ఒకే మనిషి తిరుపతి, సియోల్ రెండు చిరునామాలూ వేసుకుంటే ఆయన భాగాన్ని మళ్లీ సగం చేస్తాను.

వాటాతో ఆగిపోకండి. మన దేశం అన్ని శాస్త్రాల్లోనూ ఎక్కువే రాస్తుంది, దాంతో పోల్చినప్పుడే ఈ రంగంలో మొగ్గు తెలుస్తుంది. దీన్ని కార్యశీలతా సూచిక అంటారు. రంగంలో దేశపు వాటాను అన్ని శాస్త్రాల్లో దేశపు వాటాతో భాగించడమే. నేర్పడానికి వేసిన అంకెలతో చూడండి, ఇవి నిజమైనవి కావు. అన్ని శాస్త్రాల్లో ఒక దేశపు వాటా 5 శాతం. వెలుగు బుట్టలో ప్రపంచానికి 20,000 వ్యాసాలు, ఆ దేశానికి 3,000. వాటా 15 శాతం, సూచిక 3. అయస్కాంతాల బుట్టలో 10,000కు 300. వాటా 3 శాతం, సూచిక 0.6. రెండు బుట్టలూ కలిపేస్తే 30,000కు 3,300, అంటే 11 శాతం, సూచిక 2.2. కలిపిన అంకె చూసినవాడు "బ్రహ్మాండం" అంటాడు. అయస్కాంతాలు కావలసినవాడికి బ్రహ్మాండం ఏమీ లేదు. బుట్టల మీద నాకింత పట్టుదల ఇందుకే.

ప్రస్తావనల లెక్క, అంటే ఒక వ్యాసాన్ని ఇతర వ్యాసాలు ఎన్నిసార్లు పేర్కొన్నాయన్నది, క్లుప్తంగానే చెబుతాను. ఒకే ఏడాది, ఒకే బుట్ట వ్యాసాలనే పోల్చాలి, ఎందుకంటే ఫాస్ఫర్ల వ్యాసాలకూ ద్రావణి నిష్కర్షణ (ద్రావకాలతో మూలకాలను వేరుచేయడం) వ్యాసాలకూ ప్రస్తావించే అలవాట్లు వేరు. సగటు కంటే, ప్రపంచంలో ఎక్కువగా ప్రస్తావన పొందిన పది శాతంలో మనవి ఎన్ని ఉన్నాయన్నది మేలు. వెనక్కి తీసుకున్న వ్యాసాలను రిట్రాక్షన్ వాచ్ జాబితాతో సరిచూసి తీసేయండి. వ్యక్తుల హెచ్-సూచికలు (ఒకరి వ్యాసాలు, వాటి ప్రస్తావనలు కలిపి వేసే అంకె) కూడి దేశానికి అంటగట్టే పని నాకు చెప్పకండి.

వ్యాసాల్లో కనిపించనిది

మోనజైట్‌లో థోరియం ఉంటుంది. అందుకే మన దేశంలో అది అణుశక్తికి సంబంధించిన చట్టం కింద నిర్దేశిత పదార్థం, అంటే ప్రభుత్వం అదుపులో ఉంచే సరుకు. భీమునిపట్నం ఇసుకలో ఉన్నా, ఒడిశాలో ఛత్రపురం ఇసుకలో ఉన్నా ఎవరు పడితే వారు తీసి ప్రయోగాలు చేసేది కాదు. ఆ పని ఎక్కువగా ప్రభుత్వ సంస్థల నాలుగు గోడల మధ్య జరుగుతుంది. పైగా మూలకాలను వేరుచేయడం అంటే మిక్సర్-సెట్లర్లు, అంటే ద్రవాలను కలిపి మళ్లీ విడదీసే తొట్లు, వరసగా పేర్చి, ఒకే పనిని వందల అంచెల్లో మళ్లీ మళ్లీ చేయడం. అది తెలిసినవారు తెలిసినట్టు నడిపిస్తారు కానీ పత్రికకు రాయరు. ఒడుపు బయటపెట్టి ఎవరు బతుకుతారు?

కాబట్టి మొదటి బుట్టకు వ్యాసాలతో పాటు మరి మూడు చోట్లు చూస్తాను. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1970 నుంచి నడుపుతున్న ఐనిస్ భాండాగారంలో భాభా కేంద్రం నివేదికలు ఉచితంగా దొరుకుతాయి. శోధగంగలో పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు ఉంటాయి. మూడోది పేటెంట్లు. ఇక్కడ మాటలతో కుస్తీ అక్కర్లేదు, వర్గీకరణ సంఖ్య చాలు. లోహాలను రాబట్టడానికి సి22బి 59/00, సమ్మేళనాలకు సి01ఎఫ్ 17/00, అయస్కాంత మిశ్రలోహాలకు హెచ్01ఎఫ్ 1/053, వెలుగు పదార్థాలకు సి09కె 11/77. దరఖాస్తుదారు దేశం చూడాలి, దరఖాస్తు పడిన దేశం కాదు. చెన్నైలో దాఖలైన జపాను కంపెనీ పేటెంటు మన పరిశోధన కాదు. ఒకే ఆవిష్కరణ పది దేశాల్లో దాఖలైతే ఒక కుటుంబంగా ఒకటే లెక్క.

విశాఖలో ఐఆర్ఈఎల్ సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాల కర్మాగారాన్ని 2023 మే నెలలో ప్రారంభించారు, ఏడాదికి 3,000 కిలోల సామర్థ్యంతో. దాని వెనక ఉన్న పని నా గ్రాఫుల్లో ఎంత కనిపిస్తుందో వెతికితే, సంవత్సరాల శ్రమకు ఏవో కొన్ని వ్యాసాలు. అది గ్రాఫు తప్పు కాదు. గ్రాఫు కొలిచేది రాసినదాన్ని.

చీటీ మీద ఏం రాయాలి

వెతికిన తేదీ, డేటాబేసు, మాటల పూర్తి వరస, వంద వ్యాసాల పరీక్ష ఫలితం, తప్పించుకున్నవాటి పరీక్ష ఫలితం, మొత్తమా భాగమా, సమావేశాలు ఉన్నాయా లేవా. ఇదంతా ఒక పేజీలో పెట్టి, కింద అంకె వేసేదాన్ని. పై అధికారులు పేజీ అంతా వదిలేసి అంకెను మాత్రం కత్తిరించి ప్రజెంటేషన్‌లో అతికించుకునేవారు. రెండు మూడు సార్లు చూశాక పద్ధతి మార్చాను. ఇప్పుడు అంకెకు విడిగా వరస ఇవ్వను. షరతులన్నీ అంకెకు ముందు, అదే వాక్యంలో కుక్కేస్తాను, కత్తిరించడానికి చోటు లేకుండా.

ఏప్రిల్‌లో ఫోను చేసిన పెద్దాయనకు నాలుగో రోజు పంపినది కూడా అలాంటి వాక్యమే. వైద్యం వదిలేసి, సమావేశ వ్యాసాలు లేకుండా, భాగాల లెక్కలో, ఫలానా తేదీన ఫలానా సూచికలో వెతికితే అంటూ మొదలై, మూడో వరసలో గానీ అంకె రాదు. చదివి ఫోను చేశారు. "ఇంత పొడుగు వాక్యం మీటింగులో ఎలా చదవనమ్మా?"

"అయస్కాంతాల బుట్ట ఒక్కటే చదవండి సార్, అది చిన్నదే" అన్నాను.